అమ్మ అనే ఫైలు

ఉమామహేశ్వరి గురించి మా బాతెల్ ఊళ్ళో ఒక మాట ప్రచారంలో ఉంది, కట్టుకున్న మొగుడికి కూడా పాస్‌వర్డ్ చెప్పని మనిషి అని. పార్టీల్లో మగవాళ్ళు ఈ మాట చెప్పుకుని నవ్వుకుంటారు. పక్కన కూర్చుని ఆమె భర్త ఆదిశేషు కూడా నవ్వుతాడు. అతను నవ్వినప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోతుంది. నా పేరు దమయంతి. వాళ్ళింటికీ మా ఇంటికీ మధ్య ఒక పార్కింగ్ లాట్ ఉంది, అంతే. ఆ పాస్‌వర్డ్ కథ మొదటి నుంచి చివరిదాకా చూసినదాన్ని నేనే కాబట్టి, అడిగినవాళ్ళూ అడగనివాళ్ళూ కూడా తెలుసుకోవాలని రాస్తున్నాను.

ఉమ హైదరాబాద్‌లో నాలుగేళ్ళు ప్రోగ్రామర్‌గా పనిచేసింది. పెళ్ళయ్యాక ఆదిశేషు వెంట డిపెండెంట్ వీసా మీద ఇక్కడికి వచ్చింది. ఆ వీసా మీద జీతం లేని పని ఎంతైనా చేయవచ్చు, జీతం వచ్చే పని ఒక్క గంట కూడా చేయకూడదు. చేతిలో విద్య ఉన్న మనిషిని ఇంట్లో కూర్చోబెడితే ఏమవుతుందో మా కాంప్లెక్సులో అరడజను మందిని చూశాను. కొందరు నిద్రలో పడ్డారు, కొందరు సీరియళ్ళలో పడ్డారు. ఉమ మాత్రం మంగళవారాలు లైబ్రరీకి వెళ్ళి ముసలివాళ్ళకి కంప్యూటర్ నేర్పేది, మిగతా రోజుల్లో మా మిత్రమండలి వెబ్‌సైటు చూసుకునేది. రెండూ ఊరికే చేసేదే.

మిత్రమండలి అంటే చుట్టుపక్కల తెలుగు కుటుంబాలన్నీ కలిసి పెట్టుకున్న సంఘం. దానికి అధ్యక్షుడు రవికాంత్. రెడ్‌మండ్‌లో ఆదిశేషు పనిచేసే ఆఫీసులోనే అతనికంటే రెండు మెట్లు పైన ఉండేవాడు. ఆదిశేషు గ్రీన్‌కార్డ్ కాగితాలు ఆయన బల్ల మీదుగానే వెళ్ళేవి. ఈ ముక్క గుర్తుంచుకోండి.

2007లో మదర్స్ డేకి రవికాంత్‌కి ఒక ఆలోచన వచ్చింది. సభ్యులందరూ తమ అమ్మగారి పాత ఫొటో ఒకటి వెబ్‌సైటుకి పంపాలి, శనివారం మధ్యాహ్నం హాల్లో పెద్ద తెర మీద ఒక్కొక్కటే చూపించాలి, తరవాత పుస్తకంగా అచ్చు వేయించాలి. ఫొటోలు పంపే పేజీ ఉమ రాసింది. రాసి, కమిటీలో ఏడుగురిచేత ముందుగా పంపించి చూసుకుంది. ఆ సాయంత్రం నన్ను పిలిచి తెర చూపించింది.

"చూడు, ఏడింట్లో ఐదు ఫైళ్ళ పేరు అమ్మ డాట్ జేపీజీ. మనవాళ్ళు అమ్మ ఫొటోకి అమ్మ అని తప్ప ఇంకో పేరు పెట్టరు. పేరు పెట్టి రాయడానికి చెయ్యి రాదు."

"రాకపోతే ఏం?"

"ఒకే ఫోల్డర్‌లోకి అదే పేరుతో రెండోది వస్తే మొదటిది పోతుంది. పోతోందని చెప్పదు కూడా. అందుకే పంపినవాళ్ళు పెట్టిన పేరుతో ఎప్పుడూ సేవ్ చేయకూడదు. వచ్చిన ప్రతి అమ్మకీ నేనొక నంబర్ ఇస్తున్నాను. వాళ్ళు పెట్టిన పేరు పక్కన టేబుల్‌లో రాసి పెడుతున్నాను."

ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె మొహం చూడాలి. నాలుగేళ్ళ తరవాత మళ్ళీ పనిలోకి వచ్చిన మనిషి మొహం అది. సర్వర్ పాస్‌వర్డ్ ఆమెకీ ఆదిశేషుకీ ఇద్దరికే తెలుసు. సర్వర్ అద్దె అతని క్రెడిట్ కార్డు మీద కడుతున్నారు కాబట్టి అకౌంటు అతని పేరున ఉండేది.

ఇప్పుడు సీతారామయ్యగారి సంగతి. మా కాంప్లెక్సులోనే ఉండే రేణు వాళ్ళ నాన్నగారు ఆయన. రేపల్లెలో పోస్ట్‌మాస్టర్‌గా రిటైరై, కూతురి దగ్గర ఆరు నెలలు ఉండి వెళదామని వచ్చారు. తన తల్లి ఫొటో తెచ్చుకున్నారు. ఆవిడ ఆయన పదకొండో ఏట పోయింది. ఆవిడకి ఉన్నది ఆ ఒక్క ఫొటోయే. ఎప్పుడో వానకి తడిసి అద్దానికి అతుక్కుపోయింది. అద్దం ఒక మూల పగిలి కూడా ఉంది.

మంగళవారం లైబ్రరీలో ఉమ దాన్ని అద్దంతో సహా స్కాన్ చేసింది. రేణు లాప్‌టాప్ ఆఫీసుది కాబట్టి పెద్దాయన దాన్ని ముట్టుకునేవారు కాదు. లైబ్రరీ కంప్యూటర్ మీద నుంచే వెబ్‌సైటుకి పంపించారు. నేనూ అక్కడే ఉన్నాను, మా అమ్మాయికి పుస్తకాలు వెతుకుతూ.

"ఏం పేరు పెట్టమంటారు బాబాయిగారూ?"

"అమ్మ అని పెట్టమ్మా. ఇంకేం పెడతాం."

ఉమ నా వైపు చూసి నవ్వింది. ఫొటో వెళ్ళింది, తెర మీద కనిపించింది. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"రసీదు ఇవ్వదా ఇది?"

ఇవ్వదని చెబితే ఆయన మనసు ఒప్పుకోలేదు. ముప్పై ఆరేళ్ళు రసీదు లేకుండా ఒక్క రిజిస్టర్డ్ కవరు తీసుకోని మనిషి. అందుకని ఉమ లైబ్రరీ చీటీ మీద 'ఒక ఫొటో అందినది' అని రాసి, తేదీ వేసి, సంతకం చేసి ఇచ్చింది.

"ఈ లైబ్రరీ కంప్యూటర్ మనం లేవగానే అన్నీ చెరిపేస్తుంది కానీ, మన సర్వర్‌లోకి వెళ్ళిపోయింది. ఇక పోదు బాబాయిగారూ," అంది. ఆ మాట నా చెవులతో విన్నాను. ఆ మాటే తరవాత ఆమెని వారాల తరబడి తిన్నది.

శనివారం హాల్లో నూట యాభై మంది దాకా ఉన్నారు. ఉమ ముందురోజంతా పులిహోర కలపడంలోనే ఉంది. వెబ్‌సైటు చేసిపెట్టినా మా సంఘంలో ఆడవాళ్ళకి పులిహోర తప్పదు. ఎంతమంది పంపారో లెక్క మాత్రం చూసుకుంది. యాభై రెండు రావాలి, యాభై రెండూ వచ్చాయి. మనవాళ్ళ అలవాటు ప్రకారం అందులో నలభై మూడు చివరి నాలుగు రోజుల్లోనే వచ్చాయి. అందరికంటే చివర, గురువారం గడువు ముగియడానికి ముందు పంపినదాన్ని నేనే, అదీ అమ్మ అనే పేరుతోనే.

తెర వెయ్యకముందు సీతారామయ్యగారు ఉమ దగ్గరికి వచ్చి, పిల్లవాడిలా సంబరపడుతూ ఒక విషయం చెప్పారు.

"కంప్యూటర్‌లో భద్రంగా ఉంది కదా అని ధైర్యం చేశానమ్మా. తడిగుడ్డ పెట్టి ఆ పగిలిన అద్దం నుంచి ఫొటో ఊడదీశాను. మొహం మటుకు అద్దానికే ఉండిపోయి, గీకితే పొడిగా రాలిపోయింది. పోనీలే, నువ్వున్నావుగా. పెద్దది చేయించి పట్టుకెళతాను."

ఫొటోలు మొదలయ్యాయి. మొదటి తొమ్మిదీ బాగానే వచ్చాయి. పదోది మా అమ్మ. కింద పేరు మాత్రం వేరే ఎవరిదో. ఏదో తారుమారు అయిందనుకున్నాను. తరవాతది మళ్ళీ మా అమ్మ. ఆ తరవాత ఎవరిదో సరైనదే వచ్చింది. మళ్ళీ మా అమ్మ. గళ్ళ చీర కట్టుకుని, వంటింటి గడప మీద కూర్చుని, చేతిలో విసనకర్రతో మా అమ్మ ఒక్కొక్కరి పేరు కిందా వస్తూనే ఉంది. మొదట నవ్వులు వినిపించాయి. పదిసార్లయ్యాక నవ్వులు ఆగిపోయాయి. ఎవరి అమ్మ వస్తుందా అని ఎదురుచూస్తున్న ప్రతివాళ్ళకీ మా అమ్మే వచ్చింది. ముప్పై ఒక్కసారి. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సీతారామయ్యగారి పేరు కింద కూడా మా అమ్మే. ఆయన జేబులోంచి ఆ చీటీ తీసి, చదువుకుని, మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నారు.

రవికాంత్ మైకు అందుకున్నాడు. "సారీ ఫోక్స్! మన ఉమగారు ఇంటి దగ్గరుండి ఇంట్రెస్ట్‌తో నేర్చుకుంటున్నారు. ప్రొఫెషనల్స్ కాదు కదా, చిన్న చిన్న మిస్టేక్స్ అవుతాయి. ఒకసారి అందరూ చప్పట్లు కొట్టి ఆవిడని ఎంకరేజ్ చేద్దాం!" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఉమ పక్క కుర్చీలో కూర్చుని ఆదిశేషు కూడా కొట్టాడు. కొట్టి, వాళ్ళ పిల్లవాడికి నిద్ర వస్తోందని వాణ్ణి తీసుకుని ముందే ఇంటికి వెళ్ళిపోయాడు. ఉమ అక్కడే ఉండి కుర్చీలు మడిచింది, గిన్నెలు కడిగింది, కనిపించిన ప్రతివాళ్ళకీ సారీ చెప్పింది.

మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి తెర ముందు కూర్చుని ఉంది. టేబుల్‌లో నంబరు ఉండవలసిన చోట అమ్మ అని ఉంది. తను రాసిన కోడ్‌లో చూస్తే నంబరే ఉంది, అక్షరం తేడా లేదు. మళ్ళీ పంపి చూస్తే నంబరుతోనే సేవ్ అవుతోంది. ఆదిశేషు కాఫీ తాగుతూ పేపరు చూసుకుంటున్నాడు.

"ఏమండీ, మీరేమైనా ముట్టుకున్నారా ఇది?"

"నాకేం పని? నీ కోడ్ నాకేం తెలుసు?"

"సర్వర్ కంపెనీవాళ్ళ దగ్గర బ్యాకప్ ఉంటుందేమో. అకౌంట్ మీ పేరు మీదే కదా, ఒక్కసారి కాల్ చేయరా? బాబాయిగారి తరవాత అమ్మ అనే ఇంకో ఫైలు బుధవారం పొద్దున వచ్చింది. మంగళవారం రాత్రి కాపీ దొరికితే చాలు, వాళ్ళమ్మగారు అందులో ఉండితీరాలి."

"చేస్తాలే," అన్నాడు. సాయంత్రం, "చేశాను. వాళ్ళు అసలు బ్యాకప్ ఉంచరట," అని చెప్పాడు.

ఉమ నమ్మింది. ఎందుకు నమ్మదు? అతను టెస్టింగ్ టీముకి లీడ్. ఇతరుల తప్పులు పట్టుకోవడమే అతని ఉద్యోగం.

మిగతావాళ్ళంతా తమ ఫొటోలు ఈమెయిల్‌లో మళ్ళీ పంపారు. పంపలేనిది సీతారామయ్యగారొక్కరే. ఉమ మంగళవారం లైబ్రరీకి వెళ్ళడం మానేసింది. రోజుకి ఆరేడు గంటలు తను రాసిన కోడ్ తనే చదువుకుంటూ, లేని తప్పు కోసం వెతికేది. "నాకు మతి తప్పిందేమో దమయంతీ. నాలుగేళ్ళు ఇంట్లో కూర్చుంటే రాయడం మర్చిపోయానేమో. ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చినా సరిపోయేది. ఎందుకివ్వలేదు నేను?" అని నా ముందు ఏడ్చింది. పెద్దాయన ఎదురైతే తప్పుకుని వేరే మెట్ల మీదుగా వెళ్ళేది. ఆ రోజుల్లో ఆదిశేషు ఆమెతో చాలా మంచిగా ఉండేవాడు. ఉద్యోగం వచ్చినప్పుడు చూసుకోవచ్చు, ఇప్పుడెందుకు అంత స్ట్రెస్ అనేవాడు. ఆ మంచితనమే నేను ఇప్పటికీ క్షమించలేను.

జూన్ చివర్లో సర్వర్ అద్దె గడువు వచ్చింది. ఆదిశేషు ఆఫీసులో మీటింగ్‌లో ఉన్నాడని ఉమే ఫోన్ చేసింది. కార్డు నంబరు, పుట్టిన తేదీ, అన్నీ తెలుసు కాబట్టి అవతలి అమ్మాయి మాట్లాడింది. డబ్బు కట్టేశాక ఉమ ఊరికే అడిగింది, మీరు బ్యాకప్ ఎందుకు ఉంచరు అని. ఉంచుతామే, పది రోజులు ఉంచుతాం, తరవాత తీసేస్తాం అంది ఆ అమ్మాయి. మే నెలలో మావారు అడిగితే ఉంచరన్నారట కదా అంది ఉమ. ఆ అమ్మాయి వెతికి చూసి, ఈ అకౌంటు నుంచి మే నెలలో మాకు ఒక్క కాల్ కూడా రాలేదు, ఈమెయిల్ కూడా లేదు అని చెప్పింది.

ఉమ ఫోన్ పెట్టేయలేదు. సర్వర్ మీద ఏ ఫైలు ఎవరు ఎప్పుడు మార్చారో చూపే లాగ్ పంపమని అడిగింది. పదినిమిషాల్లో వచ్చింది. అది ప్రింటు తీసుకుని పార్కింగ్ లాట్ దాటి మా ఇంటికి వచ్చింది. చెప్పులు కూడా వేసుకోలేదు.

ఫొటోలు పంపే పేజీని ఎవరో రెండుసార్లు మార్చారు. మొదటిసారి మదర్స్ డేకి ముందు సోమవారం సాయంత్రం ఆరూ నలభైకి. రెండోసారి కార్యక్రమం రోజు, శనివారం సాయంత్రం ఐదూ ఇరవైకి. రెండుసార్లూ వాళ్ళింటి ఇంటర్నెట్ నుంచే.

"సోమవారం ఆరూ నలభైకి నేనెక్కడున్నాను?" అంది.

"నా పక్కనే. మా అమ్మాయి డాన్స్ క్లాస్ దగ్గర."

"శనివారం ఐదూ ఇరవైకి?"

ఆ వేళ ఆమె హాల్లో గంగాళం తోముతోంది. నేను నీళ్ళు పోస్తున్నాను.

ఆ రోజు ఆదిశేషు ఇంటికొచ్చాక జరిగినదంతా ఉమ నాకు మాట పొల్లుపోకుండా చెప్పింది. కాగితం ముందు పెట్టగానే అతను ఒప్పుకున్నాడు. పుస్తకం అచ్చు వేసేవాళ్ళకి నంబర్లతో ఉన్న ఫైళ్ళు అర్థం కావడం లేదని రవికాంత్ ఫోన్ చేశాడట. పంపినవాళ్ళు పెట్టిన పేర్లే ఉంచమని అడిగాడట. ఆయన అడిగితే కాదనడం ఎలాగట.

"ఒక్క లైనే కదా ఉమా! నీకు చెబితే ఒప్పుకోవు. థర్స్‌డే అయిపోగానే మార్చేద్దామనుకున్నాను, మర్చిపోయాను. హాల్లో చూసి భయం వేసింది. ఇంటికొచ్చి వెంటనే మళ్ళీ పాతదానికే రివర్ట్ చేశాను."

"బ్యాకప్ ఎందుకు అడగలేదు?"

"అడిగితే ఆ మార్చిన ఫైలు కూడా అందులో వస్తుంది కదా. నువ్వు చూస్తావు కదా."

"నేను చూడకూడదని ఆ తల్లిని పోగొట్టారా?"

"రవికాంత్‌గారి పేరు బయటికొస్తే మన గ్రీన్‌కార్డ్ ఏమవుతుందో నీకు తెలుసా? అంతా నీ కోసమే కదా. కార్డ్ వస్తేనే కదా నువ్వు జాబ్ చేసేది!"

ఆ రాత్రే ఉమ సర్వర్ పాస్‌వర్డ్ మార్చేసింది, కొత్తది అతనికి చెప్పలేదు.

అతను పేజీ మార్చినందుకు కాదు నా కోపం. తప్పు ఎవరైనా చేస్తారు. నలభై రోజులు భార్య తన బుర్రని తనే అనుమానించుకుంటుంటే, పక్కన కూర్చుని ఆమెకి టీ పెట్టి ఇచ్చాడు చూడండి, అందుకు. రవికాంత్ అంటారా, నేను ఫోన్ చేసి కడిగేశాను. "దమయంతిగారూ, నేను జస్ట్ సజెస్ట్ చేశాను. టెక్నికల్ డెసిషన్ వాళ్ళది," అన్నాడు. మర్నాడు నేను మిత్రమండలికి రాజీనామా రాసి పంపాను. ఎవరూ ఎందుకని అడగలేదు.

సీతారామయ్యగారు రేపల్లె వెళ్ళిపోవడానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. ఉమ ఆదిశేషుతో ఒకటే మాట అంది. "నాకు చెప్పక్కర్లేదు. ఆయనకి చెప్పండి. మీ నోటితో."

నన్ను కూడా రమ్మంది. ఆదివారం పొద్దున ముగ్గురం రేణు వాళ్ళ ఇంటికి వెళ్ళాం. పెద్దాయన సూట్‌కేసు తూకం చూసుకుంటున్నారు. మమ్మల్ని చూసి కూర్చోమన్నారు. గోడవార బల్ల మీద పాత ఫ్రేము ఉంది. అందులో అద్దం లేదు. చీర అంచూ, ఒళ్ళో పెట్టుకున్న రెండు చేతులూ మాత్రం మిగిలిన ఫొటో ఉంది.

ఆదిశేషు ఆ ఫ్రేము వైపు చూసి, తల తిప్పుకున్నాడు.

"బాబాయిగారూ, ఆ ఫొటో సంగతి... వెరీ సారీ అండీ. సర్వర్ ప్రాబ్లెమ్. ఆ కంపెనీవాళ్ళు సరిగ్గా మెయింటెయిన్ చేయలేదు. ఏం చేస్తాం," అన్నాడు.

ఆ గుమ్మం దాకా వచ్చి, ఆ చేతులు చూసి కూడా, మళ్ళీ అబద్ధమే చెప్పాడు. ఉమ మాత్రం ఆశ్చర్యపోలేదు. ఒక్క క్షణం కళ్ళు మూసుకుని తెరిచింది.

"కాదు బాబాయిగారూ. సర్వర్‌లో ఏమీ లేదు. నేను రాసినదాన్ని ఈయన నాకు చెప్పకుండా మార్చారు. అందుకే మీ అమ్మగారి మీద ఇంకొకళ్ళ అమ్మగారు వచ్చి పడ్డారు. పది రోజుల్లోపల కంపెనీవాళ్ళని అడిగితే మీ అమ్మగారు దొరికేవారు. నేను అడగమన్నాను. ఈయన అడిగానని నాతో చెప్పారు. అడగలేదు. ఇప్పుడిక దొరకరు. ఇక పోదు అని మీకు మాటిచ్చింది నేను. నన్ను క్షమించండి."

ఆదిశేషు లేచి బయటికి వెళ్ళి కారు దగ్గర నిలబడ్డాడు. పెద్దాయన తిడతారేమో అనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. ఆయన లేచి, వేలాడుతున్న చొక్కా జేబులోంచి ఆ లైబ్రరీ చీటీ తీసి ఉమ చేతిలో పెట్టారు. నలిగిపోయి ఉంది అది.

"ఇన్నాళ్ళూ నీ పొరపాటే అనుకున్నావా అమ్మా?"

"అవునండీ."

"ఆయన తనంతట తాను చెప్పాడా?"

"లేదు. నేనే కనుక్కున్నాను."

ఆయన కిటికీలోంచి కారు దగ్గర నిలబడ్డ మనిషిని చూశారు. తరవాత ఉమ తల మీద చెయ్యి పెట్టారు.

"మా అమ్మ పోయి అరవై ఏళ్ళయిందమ్మా. నాకు పోయింది ఫొటోనే," అన్నారు. "నీకు మనిషే పోయాడు."